కరవది నుంచి శ్రీరంగం దాకా... ఒక నాదస్వర జీవితం

అమీర్‌పేట: పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలైతే అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల్లోని ఫంక్షన్ హాళ్లకు తీరిక ఉండదు. రాత్రి వేళ వీధిలో పెళ్లి ఊరేగింపు ముందు బ్యాండు మేళం నడుస్తుంది. ట్రంపెట్ పట్టిన వ్యక్తి బుగ్గలు పూరించి సినిమా పాట ఎత్తుకుంటే ట్రాఫిక్‌లో చిక్కుకున్న వారు సైతం తల తిప్పి చూస్తారు. హాలు లోపల పరిస్థితి వేరు. ఒక మూల చిన్న గద్దెపై నాదస్వరం, డోలు పట్టుకుని నలుగురు కూర్చుని ఉంటారు. పురోహితుడు చేయి ఊపగానే గట్టిమేళం మోగుతుంది. తలంబ్రాలు పడతాయి. అతిథులు భోజనాల వరుసల వైపు కదులుతారు. వాయించిన వారి ఊరు, పేరు అడిగే వారు అరుదు.

ఆ మూల గద్దె మీది వాద్యాన్ని దేశంలోని పెద్ద సంగీత సభల నడిబొడ్డున కూర్చోబెట్టి మెప్పించిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన షేక్ చినమౌలానా. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, తమిళనాడులోని శ్రీరంగంలో స్థిరపడి, కర్ణాటక సంగీతంలో అత్యున్నతంగా భావించే సంగీత కళానిధి బిరుదును అందుకున్నారు. షెహనాయి అనగానే బిస్మిల్లా ఖాన్ పేరు చెప్పే నగరవాసుల్లో నాదస్వరం అనగానే చినమౌలానా పేరు చెప్పేవారు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పట్టా చేతికి వచ్చిన తరువాత కూడా ఊరు వదిలి వచ్చి, మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాల్లో మళ్లీ పుస్తకం పట్టే యువకులు అమీర్‌పేటలో వేలల్లో కనిపిస్తారు. వారికి చినమౌలానా జీవితం పరాయిదిగా తోచదు. తండ్రి దగ్గర ఒకసారి, గురువు దగ్గర మరోసారి విద్య నేర్చిన ఆయన, ఇక చాలు అనుకోకుండా భాష తెలియని చోటికి వెళ్లి మూడోసారి శిష్యుడయ్యారు. ఆ నిర్ణయమే ఆయన జీవితానికి మలుపు.

కరవదిలో బాల్యం

చినమౌలానా 1924 మే 12న జన్మించారు. కరవది ఒంగోలుకు సమీపంలోని గ్రామం. విజయవాడ - చెన్నై రైలు మార్గంలో ఒంగోలు చేరేముందు వచ్చే చిన్న స్టేషను. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కనుక ఆయన పుట్టేనాటికి ఆ గ్రామం గుంటూరు జిల్లాలో భాగం. గుంటూరు జిల్లా అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కరవదికీ, తరువాతి కాలంలో ఆయన స్థిరపడిన శ్రీరంగానికీ అప్పట్లో రాష్ట్ర సరిహద్దు లేదు. ఉన్న దూరమల్లా భాషది, సంగీత బాణీది.

ఆయనది తరతరాలుగా నాదస్వరాన్నే నమ్ముకున్న కుటుంబం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా దూదేకుల వారు, రామాలయాల్లో, శివాలయాల్లో మంగళవాద్యం వాయించడం ఇటీవల మొదలైన ఆచారం కాదు. ఆ ప్రాంతపు పల్లెల్లో అది ఎవరికీ వింతగా అనిపించదు. శ్రీరామనవమి పందిరిలో, దసరా ఉత్సవంలో, ఊరి పెళ్లిలో సన్నాయి మేళం వారిదే. నమాజు చదివే ఇంట్లోనే త్యాగరాజ కీర్తన సాధన సాగుతుంది. రెండింటికీ మధ్య గోడ కట్టాలన్న ఆలోచన అటు ఇంటివారికీ రాలేదు, ఇటు ఊరివారికీ రాలేదు.

తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ వద్ద జరిగాయి. వృత్తి కుటుంబాల్లో పిల్లవాడికి విద్య ఎలా అబ్బుతుందో ఆయనకూ అలాగే అబ్బింది. నిద్ర లేచేసరికి చెవిన పడేది సరళీ స్వరాలే. చేతికి వాద్యం ఇవ్వకముందే చెవికి రాగం అలవాటవుతుంది. పెద్దవాళ్లు మేళానికి వెళ్తే వెనక శ్రుతి పట్టుకుని కూర్చోవడం, వాద్యాలు మోయడం, పీకలు తడిపి సిద్ధం చేయడం వంటి పనులన్నీ ఆ చదువులో భాగాలే.

ఊపిరితో వేసే రంగవల్లి

నాదస్వరం చూడటానికి సాదాసీదా వాద్యం. సుమారు మూడడుగుల లోపు చెక్క గొట్టం. పైన వేళ్లు ఆడటానికి ఏడు రంధ్రాలు. కింద శ్రుతి సరిచూసుకోవడానికి మరో ఐదు. వాటిని మైనంతో కావలసినంత మేర మూసుకుంటారు. అడుగున గిన్నెలా విచ్చుకున్న భాగం. పై కొసన గడ్డి దుబ్బును ఉడికించి, ఎండబెట్టి, చదును చేసి కట్టిన పీక. ఆ పీకలు నాలుగైదు, వాటిని సరిచేసే దంతపు సూది ఒకటి దారంతో వాద్యానికే వేలాడుతూ ఉంటాయి.

కష్టమంతా వాయించడంలో ఉంది. ట్రంపెట్‌కు మూడు మీటలు ఉంటాయి. క్లారినెట్‌కు లోహపు మూతలు ఉంటాయి. నాదస్వరానికి అవేమీ లేవు. ఏడు రంధ్రాలతోనే అన్ని స్వరాలూ పలకాలి. ఒకే రంధ్రాన్ని సగం మూసి, పావు మూసి, పెదవి ఒత్తిడి మార్చి, ఊపిరి బలం పెంచి తగ్గించి గమకాలు పలికించాలి. పీక కొంచెం ఆరితే అపస్వరం. ఎక్కువ తడిస్తే గొంతు పూడినట్టు మూగపోతుంది. బయట ఆరుబయలులో మైలు దూరం వినిపించే ఈ వాద్యాన్ని నాలుగు గోడల మధ్య కూర్చున్న శ్రోత చెవికి ఇంపుగా అందించడం మరీ కష్టం. చినమౌలానా పేరు చెప్పగానే రసికులు ముందుగా తలచుకునేది ఆ మెత్తదనాన్నే. పెద్ద గొంతు గల వాద్యంతో ఆయన పాడినట్టు వాయించేవారు.

ఆలయ సంప్రదాయంలో ఈ వాద్యానికి గడియారంలాంటి క్రమం ఉంది. తెల్లవారుజామున భూపాలం, బౌళి. స్వామి ఊరేగింపునకు బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో మల్లారి. రాత్రి పవళింపు సేవకు నీలాంబరి. వినిపించే రాగాన్ని బట్టి గుడిలో ఏ సేవ జరుగుతున్నదో ఊరి వారికి ఇంట్లోనే తెలిసేది. ఆ క్రమాన్ని కాగితం మీద చూసి నేర్చుకునే వీలు లేదు. పెద్దల వెంట ఏళ్ల తరబడి తిరిగి వంటబట్టించుకోవలసిందే.

చిలకలూరిపేట గురువు

తండ్రి వద్ద పునాది పడిన తరువాత చినమౌలానా చిలకలూరిపేటకు చెందిన ప్రసిద్ధ విద్వాంసులు షేక్ ఆదం సాహెబ్ శిష్యులయ్యారు. తెలుగునాట నాదస్వరానికి చిలకలూరిపేట ఒక విద్యాపీఠం వంటిది. నేడు ఆ పట్టణాన్ని పత్తి, పొగాకు, రహదారి కూడలి పేరుతో గుర్తుపట్టేవారే ఎక్కువ. ఒకనాడు ఆ వీధుల్లో తెల్లవారుజామున సాధన వినిపించేది.

ఆదం సాహెబ్ వద్ద ఆయనకు తెలుగు బాణీ పూర్తిగా అబ్బింది. కృతులపై పట్టు చిక్కింది. తెలుగువాడికి ఇక్కడ సహజంగా ఒక సౌలభ్యం ఉంది. త్యాగరాజు, అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు రాసినది చాలావరకు తెలుగే. నాదస్వరంలో మాటలు పలకవు. అయినా మాట తెలిసినవాడికి పదం ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో, భక్తుడు ఎక్కడ బతిమాలుతున్నాడో, ఎక్కడ నిలదీస్తున్నాడో తెలుస్తుంది. సాహిత్యం ఎరిగి వాయిస్తే మాట లేని చోట కూడా మాట వినిపిస్తుంది.

సాధారణంగా అక్కడితో చదువు ముగిసేది. పెళ్లిళ్లు, ఉత్సవాలు, రేడియో కార్యక్రమాలు, చుట్టుపక్కల జిల్లాల్లో పేరు. ఒక కళాకారుడి జీవితం గడిచిపోవడానికి అది చాలు. చినమౌలానాకు అది చాలలేదు.

తంజావూరు పిలుపు

ఆ రోజుల్లో దక్షిణాది నాదస్వరానికి చక్రవర్తి తిరువావడుదురై రాజరత్నం పిళ్లై. ఆయన వాయించిన తోడి రాగం గ్రామఫోను రికార్డుగా ఊరూరా తిరిగింది. అంతవరకు వాడుకలో ఉన్న పొట్టి, హెచ్చు శ్రుతి వాద్యం స్థానంలో పొడవైన, గంభీరమైన శ్రుతి గల వాద్యాన్ని ప్రచారంలోకి తెచ్చినదీ ఆయనే. విద్వాంసుడు నిలబడి వాయించాలన్న కట్టుబాటును కాదని, గాయకులతో సమానంగా వేదికపై కూర్చుని కచేరీ చేసే హక్కు కోసం పట్టుబట్టినదీ ఆయనే. తంజావూరు బాణీ అనగా రాగాన్ని తొందర లేకుండా విప్పుకుంటూ వెళ్లడం. ఒక్కో స్వరం దగ్గర ఆగి, దాని చుట్టూ తిరిగి, పై మెట్టు ఎక్కడం. తోడి, ఖరహరప్రియ, శంకరాభరణం వంటి రాగాలను గంటల తరబడి, చెప్పినది మళ్లీ చెప్పకుండా వాయించడం.

చినమౌలానా మనసు ఆ బాణీ మీదకు పోయింది. రాజరత్నం పిళ్లైని ఆయన మానసిక గురువుగా భావించారు. రికార్డు విని అనుకరించడంతో సరిపెట్టుకునే వీలుంది. అలా సరిపెట్టుకున్నవారు చాలామందే ఉన్నారు. ఆయన మాత్రం బాణీ పుట్టిన నేలకే వెళ్లి మొదటి నుంచి నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు.

కుంభకోణం సమీపంలోని నాచ్చియార్‌కోయిల్‌లో రాజం, దురైకణ్ణు సోదరులు పేరుపొందిన నాదస్వర విద్వాంసులు. ఇత్తడి దీపపు కుందులకు ప్రసిద్ధి చెందిన ఊరది. చినమౌలానా ఆ సోదరుల వద్ద శిష్యరికం చేశారు. ఆంధ్ర దేశం నుంచి వచ్చిన ముస్లిం యువకుడికి ఆలయ విద్వాంసులైన తమిళ సోదరులు తమ కుటుంబ విద్యను నేర్పారు. నేర్పినవారి పెద్ద మనసునూ, నేర్చుకున్నవారి వినయాన్నీ సమానంగా చెప్పుకోవాలి.

ఇలా మళ్లీ నేర్చుకోవడం పైకి కనిపించేంత సులువు కాదు. వేళ్లకు ఒకసారి అలవాటైన పట్టును విడిపించడం, కొత్తగా నేర్పడం కంటే కష్టమని ఏ సంగీత గురువును అడిగినా చెబుతారు. పైగా ఆ సమయంలో మేళాలు తగ్గుతాయి. రాబడి తగ్గుతుంది. సొంత ఊళ్లో విద్వాంసుడు అనిపించుకున్న వ్యక్తి పరాయి ఊళ్లో గురువు ఇంటి అరుగు మీద కూర్చోవాలి. ఆ మెట్టు దిగడానికి సిద్ధపడినందువల్లే ఆయన తరువాతి మెట్లన్నీ ఎక్కగలిగారు.

గాత్ర సంగీతంలో ఇటువంటి ప్రయాణమే చేసినవారు డాక్టర్ శ్రీపాద పినాకపాణి. వైద్య వృత్తిలో ఉంటూనే తంజావూరు బాణీని ఆకళింపు చేసుకుని తెలుగు గాయకులకు పంచిపెట్టారు. గాత్రంలో ఆయన చేసిన పనిని నాదస్వరంలో చినమౌలానా చేశారంటే అతిశయోక్తి కాదు. ఒక తేడా ఉంది. పినాకపాణి ఆ బాణీని తెలుగునేలకు తెచ్చి ఇక్కడే నిలిపారు. చినమౌలానా ఆ బాణీ ఉన్న చోటనే నిలిచిపోయారు.

శ్రీరంగంలో నివాసం

1960వ దశకంలో ఆయన శ్రీరంగాన్ని తన నివాసంగా చేసుకున్నారు. కావేరి, కొల్లిడం నదుల నడుమ ద్వీపం వంటి ఊరు. ఏడు ప్రాకారాల రంగనాథస్వామి ఆలయం. ఆయన రంగనాథుడికి పరమ భక్తులు. ఆలయ ఉత్సవాల్లో ఆయన వాద్యం మోగేది. ఇంట్లో ఇస్లాం ఆచారాలను నిష్ఠగా పాటించేవారు. ఏది వదులుకుని ఏది పట్టుకోవాలన్న ప్రశ్న ఆయన జీవితంలో తలెత్తలేదు.

శ్రీరంగానికి ఇటువంటి కథ కొత్త కాదు. ఢిల్లీ సుల్తాను కుమార్తె రంగనాథుడిని వెదుక్కుంటూ వచ్చి స్వామిలో ఐక్యమైందని స్థల పురాణం. తమిళులు ఆమెను తులుక్క నాచ్చియార్ అంటారు. మన తిరుమల కథల్లో వినిపించే బీబీ నాంచారమ్మ ఆమెనే తలపిస్తుంది. ఆలయంలో ఆమెకు సన్నిధి ఉంది. ఆమె పేరిట స్వామికి రొట్టె నైవేద్యం పెడతారు. అటువంటి క్షేత్రంలో ఒక తెలుగు ముస్లిం విద్వాంసుడు స్వామి ముందు తోడి ఆలపించడం ఆ ఊరి స్వభావానికి తగినట్టే ఉంది.

తెలుగు భాషకూ శ్రీరంగంతో బంధం పాతదే. త్యాగరాజస్వామి శ్రీరంగనాథుడిపై చెప్పిన అయిదు కృతులను శ్రీరంగ పంచరత్నాలంటారు. అవీ తెలుగులోనే ఉన్నాయి. తెలుగు కృతిని తమిళ బాణీలో తెలుగువాడు తమిళనేలపై వాయిస్తుంటే, వినేవారికి ఏది ఎవరిదో విడదీసి చూడవలసిన అవసరం కనిపించలేదు.

ఆయన తెలుగునాటనే ఎందుకు ఉండలేదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. కావేరి తీరపు ఆలయాల్లో నాదస్వరానికి నిత్య సేవలో స్థానం ఉంది. పెళ్లికి పిలిచిన ఆసామి కూడా ఫలానా విద్వాంసుడి మేళం అని శుభలేఖలో గొప్పగా వేయించుకునేవాడు. రాత్రంతా కూర్చుని రాగాలాపన వినే శ్రోతలు ఉండేవారు. సమ ఉజ్జీ అయిన తవిల్ విద్వాంసులు దొరికేవారు. మనవైపు సన్నాయి ఎక్కువగా పెళ్లి తంతుకు గుర్తుగా మిగిలింది. కళాకారుడు తన విద్యను పూర్తిగా వినే చెవులు ఎక్కడుంటే అక్కడికి చేరతాడు. అందులో తప్పు ఆయనది కాదు.

వీధి నుంచి వేదికకు

ఊదే వాద్యాలకు ప్రపంచంలో అన్ని చోట్లా ఒకే తలరాత. గొంతు పెద్దది కనుక వాటిని ముందు బయట నిలబెడతారు. ఐరోపాలో ట్రంపెట్ శతాబ్దాల పాటు సైనిక కవాతుకూ, రాజుల రాకను చాటడానికీ పనికివచ్చింది. ఫ్రాన్సులో బొగ్గుగని కార్మికుడి ఇంట పుట్టి, తానూ బాల్యంలో గనిలో పనిచేసిన మోరిస్ ఆంద్రే 20వ శతాబ్దం రెండో అర్ధభాగంలో దానిని ఏకవాద్యంగా సంగీత మందిరాలకు చేర్చారు. పారిస్ సంగీత కళాశాలలో బోధించి ఒక తరం వాద్యకారులను తయారుచేశారు. ఇంచుమించు అదే కాలంలో మన దక్షిణాదిలో చినమౌలానా తరం వారు నాదస్వరానికి ఆ పనే చేశారు.

సినిమా ద్వారా కూడా ఈ వాద్యం జనంలోకి వెళ్లింది. రాజరత్నం పిళ్లై శిష్యుడు కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడుతూ ఎస్.జానకి పాడిన పాట 1962లో తమిళ చిత్రం కొంజుం సలంగై, దాని తెలుగు రూపం మురిపించే మువ్వలు ద్వారా మారుమోగింది. ఆ పాట విన్న తెలుగువారికి నాదస్వరం పలుకగల వేగం, లాలిత్యం తెలిశాయి.

చినమౌలానా మార్గం సభలది, ఆలయాలది. ఆకాశవాణి ద్వారా ఆయన వాద్యం ఇంటింటికీ చేరింది. ఉదయం రేడియో పెట్టగానే వినిపించే మంగళవాద్యం కోసం ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. ఆయన అమెరికాలోనూ, ఐరోపా దేశాల్లోనూ కచేరీలు చేశారు. పెళ్లి తంతు తెలియని, త్యాగరాజు పేరు వినని శ్రోతలు సైతం ఆ వాద్యాన్ని కేవలం సంగీతంగా విని ఆదరించారు.

గౌరవాలు వరుసగా వచ్చాయి. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. తమిళనాడు కలైమామణి గౌరవం అందించింది. 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

గురువుగా రెండో జీవితం

ఇంత పేరు వచ్చిన తరువాత ఆయన చేసిన పని ఆయన వాద్యమంత విలువైనది. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పారు. సరస్వతీ దేవి పేరిట ఒక ముస్లిం విద్వాంసుడు పెట్టిన గురుకులం అది.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే ఈ విద్య ఎలా సాగుతూ వచ్చిందో గుర్తు చేసుకోవాలి. నాదస్వరం కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకు అందే విద్య. ఇంటి కిటుకులు ఇంటి గడప దాటేవి కావు. కొడుకు మరో ఉద్యోగంలో చేరితే ఆ ఇంటి విద్య ఆ తరంతో ఆగిపోయేది. 1970లు, 80లకు వచ్చేసరికి అదే జరుగుతూ వచ్చింది. చదువుకున్న పిల్లలు పట్నాలకు వెళ్లారు. రికార్డులు, మైకులు పెళ్లి పందిళ్లలోకి వచ్చాయి. బయటివాడైనా తనకు గురువులు తలుపు తీశారన్న సంగతి చినమౌలానా మరువలేదు. తానూ తలుపు తీశారు.

గురుకులంలో పాఠం అంటే పలక మీద రాసి చూపేది కాదు. గురువు ఒక పలుకు వాయిస్తారు. శిష్యుడు వాయిస్తాడు. తప్పితే మళ్లీ. ముందు గొంతుతో పాడించి, తరువాత వాద్యం మీదకు తెస్తారు. ఊపిరి నిలవడానికి ఒకే స్వరాన్ని నిమిషాల తరబడి పట్టే సాధన ఉంటుంది. పెదవులు చిట్లుతాయి. దవడలు నొప్పిపెడతాయి. అయిదారేళ్లు గడిస్తే గానీ వాద్యం మాట వినదు. ఆ ఓర్పును శిష్యుల్లో కలిగించడమే గురువు చేసే పెద్ద పని. మూడుసార్లు శిష్యరికం చేసిన వ్యక్తికి శిష్యుడి కష్టం తెలియకుండా ఉండదు.

ఆయన నీడన ఎదిగిన వారిలో మనవళ్లు కాసిం, బాబు జంట ముఖ్యులు. తాత వద్ద నేర్చిన బాణీతో జంట కచేరీలు చేస్తూ పేరు తెచ్చుకున్నారు. మరో జంట షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు. మహిళలు పెద్దగా కనిపించని నాదస్వర రంగంలో కాలీషాబీ భర్తతో సమానంగా వేదికపై కూర్చుని వాయించారు. ఆ దంపతులకు 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది. గురువుకు వచ్చిన గౌరవం 44 ఏళ్ల తరువాత శిష్యులకూ దక్కింది.

కళానిధి

మద్రాసు సంగీత అకాడమీ 1928లో ఏర్పడింది. ఏటా డిసెంబరులో జరిగే అకాడమీ సదస్సుకు అధ్యక్షత వహించే విద్వాంసుడికి సంగీత కళానిధి బిరుదు ఇస్తారు. మన తెలుగువారిలో ద్వారం వెంకటస్వామి నాయుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి వంటి మహనీయులు ఆ వరుసలో ఉన్నారు. 1998వ సంవత్సరానికి ఆ స్థానం చినమౌలానాను వరించింది.

ఆ సదస్సులో లక్షణ గ్రంథాల మీద చర్చలు జరుగుతాయి. గాయకులు, వైణికులు, పండితులు ప్రసంగిస్తారు. ఒకప్పుడు ఊరేగింపు ముందు నడుస్తూ వాయించేవాడిగానే లెక్కగట్టిన నాదస్వర కళాకారుడు అటువంటి పండిత సభకు అధ్యక్షుడిగా కూర్చున్నాడు. కరవదిలో శ్రుతి పట్టిన బాలుడికి అది ఎంత దూరపు ప్రయాణమో ఆలోచించుకోవచ్చు. ఆ గౌరవం ఆయనకు మాత్రమే చెందినది కాదు. పీక తడిపి, రాత్రంతా మేళం వాయించి, తెల్లవారి బస్సెక్కి ఇల్లు చేరిన వేలాది అనామక కళాకారులకూ అందులో వాటా ఉంది.

ఆ బిరుదు పొందిన కొద్ది నెలలకే 1999 ఏప్రిల్ 13న చినమౌలానా కన్నుమూశారు. 75 ఏళ్లు నిండడానికి నెల రోజులు తక్కువ. ఆయన పేరిట ఏర్పడిన స్మారక ట్రస్టు ద్వారా ఆయన కుటుంబం, శిష్యులు ఆ సంప్రదాయాన్ని కొనసాగిస్తూ వచ్చారు.

మనకు మిగిలిన బాకీ

చినమౌలానా వెళ్లిపోయి పాతికేళ్లు దాటింది. తెలుగునాట నాదస్వరం ఆగిపోలేదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వర, డోలు పాఠశాలను నడుపుతోంది. గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు మరణానంతరం 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన కూడా రామభక్తి కీర్తనలు వాయించిన ముస్లిం విద్వాంసుడే. చిలకలూరిపేట, కరవది ప్రాంతాల్లో పుట్టిన సంప్రదాయం ఎంత బలమైనదో ఈ పేర్లు చెబుతున్నాయి.

అయితే పురస్కారాలు వచ్చినప్పుడు మాత్రమే పేరు తలచుకుని మరునాడు మరచిపోవడం మనకు అలవాటైంది. ఇంజినీరింగ్ చదివి అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న కుర్రవాడు నాదస్వర కుటుంబానికి చెందినవాడైతే, అతడి నిర్ణయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ముహూర్తాలు లేని నెలల్లో ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో అతడికి తెలుసు. అతడు వాద్యాన్ని అటక మీద పెట్టకుండా ఉండాలంటే ఆ విద్యకు ఆలయాల్లో నిత్య స్థానం, పాఠశాలల్లో గురువు కొలువు, సభల్లో ఒక సాయంత్రం దక్కాలి. తమిళనేలపై చినమౌలానాను నిలబెట్టింది ఇటువంటి ఆదరణే.

శ్రోతలుగా మనం చేయగలిగిన పనీ ఉంది. ఏ ముహూర్తానికో పంజగుట్ట హాల్లో కూర్చున్నప్పుడు, గట్టిమేళం ముగిసి మాంగల్యధారణ పూర్తయ్యాక, మేళం వారు సాధారణంగా ఒక కృతి ఎత్తుకుంటారు. అప్పటికి జనం లేచిపోతుంటారు. ఆ అయిదు నిమిషాలు కుర్చీలో ఉండి వినవచ్చు. అయిపోయాక దగ్గరకు వెళ్లి ఏ ఊరు, ఎవరి శిష్యులు అని అడగవచ్చు. ఆ జవాబులో కరవది పేరో, చిలకలూరిపేట పేరో వినిపిస్తే, ఒక మహా విద్వాంసుడి నేలకు చెందిన వారితో మాట్లాడుతున్నామని గుర్తిస్తే చాలు.